ఆపొద్దన్న ఇంజను

“ఇంజను ఆపొద్దు మే, బ్యాటరీ అయిపోయుండాది. టీ తాగేసి వస్తా.”

“తొందరగా రాప్పా, పొగ గొంతులో పడతా ఉండాది.”

మా ఆయనతో నా ఆఖరి మాటలివే. పళ్ళికొండ టీ అంగట్లో ఆయన కూలిపోతే ఆటోలో వేలూరు ఆసుపత్రికి తీసుకుపోయాను. దారిలోనే పోయాడు.

సాయంత్రం మా ఊరు గుడియాత్తానికి తిరిగి వస్తూ చూస్తే, మా పాత డీజిల్ కారు ఆ టీ అంగడి దగ్గర రోడ్డు పక్కన ఇంకా అదురుతూనే ఉంది. అంగడాయన తాళం తిప్పి చూశాడట, ఆగలేదు. ఆ ఇంజను ఆగడానికి మా ఆయనే సీటు కింద ఒక తీగ బిగించుకున్నాడు. అది నాకొక్కదానికే తెలుసు. లాగాను. ఆగిపోయింది. ఎందుకు ఆపినావని మా ఆయన అరుస్తాడేమోనని టీ అంగడి వైపు చూశాను.

చెల్లెలి బిడ్డవి, నాకు చదువు రాదని తెలుసు గదా. నేను చెప్తా ఉంటే ఆయన మాట అట్లే రాసినావా? చదువు తల్లీ, వింటా.