సోమ్లా చేతి కొలత

ఒక పుష్కరం దాటింది. కక్కలేక మింగలేక ఒక మాటను మోస్తూ బతుకుతున్నాను. నా భార్యకు చెప్పలేదు. దేవుడికి దండం పెట్టేటప్పుడు కూడా ఆ సంగతి మనసులోకి రాగానే దాటేసి, వానల గురించి అడుక్కునేవాడిని. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పే దమ్మే ఉంటే ఇంతదాకా వచ్చేదా?

మాది కృష్ణా జిల్లా నుంచి వచ్చి బాన్సువాడ దగ్గర కాలువ కింద పొలం కొనుక్కున్న కుటుంబం. వరి మా బతుకు. నా పిచ్చి మాత్రం పాత తుపాకులు. అందులోనూ అమెరికావి, రాగి టోపీతో పేలే రకం. మూతిలోంచి తుపాకిమందు పోసి, గుండు వేసి, గజం అనే ఇనుప కడ్డీతో కూరి, వెనక చిన్న మొన మీద గోరంత రాగి టోపీ పెట్టాలి. మీట నొక్కితే సుత్తి దాని మీద పడుతుంది. ఆ సుత్తిని గుర్రం అంటారు. ఆ దేశంలో వాళ్లలో వాళ్లు కొట్టుకున్న కాలంలో చేసినవట. యుద్ధం అయ్యాక ఓడలెక్కి ఎక్కడెక్కడికో పోయాయని, కొన్ని ఇక్కడి జాగీర్దార్ల గడీలకు చేరాయని హైదరాబాదులో పాత సామాన్లు అమ్మే ముసలాయన చెప్పాడు. ఎంత నిజమో ఏమో. నేను నమ్మాను.

పాడుబడ్డ గడీల్లో వెతికి రెండు సంపాదించాను. మూడోదానికి కర్ర మాత్రమే దొరికింది. గొట్టమూ లేదు, గుర్రమూ లేదు. నిగనిగలాడే ఆ కర్రను చూసినప్పుడల్లా అన్నం సయించేది కాదు. “ఎద్దుల్ని కొనుక్కు రారా అంటే ఇనుము మోసుకొస్తాడు వీడు” అని మా నాన్న తిట్టేవాడు. ఎద్దుల్నే కొనుక్కున్నా బాగుండేది.

అరవై తొమ్మిదిలో తెలంగాణ గొడవల కాలం వచ్చింది. మమ్మల్ని ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అయినా బయటి నుంచి వచ్చినవాళ్లం, భయపడటానికి కారణం కావాలా? అప్పుడు పక్క తండా సోమ్లా తన తుపాకి భుజాన వేసుకుని వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు. నాకన్నా పదేళ్లు పెద్ద. మా పొలంలో కూలికి వచ్చేవాడు. అడవి అంచున తనకూ కొంచెం మక్క చేను ఉండేది. పందుల్ని బెదరగొట్టడానికి తాతల నాటి తుపాకి ఉంచుకున్నాడు. “నేనున్న గద పటేలా, ఫికర్ చెయ్యకు, పోయి పండు” అన్నాడు. ఊరు సద్దుమణిగేదాకా రోజూ పొద్దుగూకేసరికి వచ్చేవాడు. అతని కోసమే మా అమ్మ జొన్నరొట్టె చెయ్యడం నేర్చుకుంది.

మరి నేనేం చేశాను? ఒక పొద్దున అతను బావి దగ్గర ముఖం కడుక్కుంటుంటే ఆ తుపాకి చేతిలోకి తీసుకుని చూశాను. గుర్రం పక్కనున్న ఇనుప పలక మీద రెక్కలు చాచిన గద్ద బొమ్మ. అమెరికాది! నా ఒళ్లు ఝల్లుమంది. మా ప్రాణాలకు కాపలా ఉన్న మనిషిని చూసి గుండె నిండాల్సింది పోయి, ఆశ నిండింది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటారు. మా ఇంట తిన్నది అతను, వాసాలు లెక్కపెట్టింది నేను.

అమ్మమని అడిగాను. తాత చేతిది, ఇయ్యనన్నాడు. కోపం లేకుండా, నవ్వుతూనే అన్నాడు. ఆ తుపాకితో పాటు తాత అతనికి ఒక కొలత కూడా ఇచ్చాడు. ఎడమ అరచేతిలో గుండు పెట్టుకుని, అది మునిగి కనపడకుండా పోయేంత వరకు తుపాకిమందు పోసేవాడు. అంతే కొలత. డబ్బా లేదు, గరిటె లేదు. తండాలో ఎవరి తుపాకికైనా మందు కొలవాలంటే సోమ్లా చెయ్యే చాచాలి. దసరా నాడు పూజ చేసి పేల్చే తుపాకులకూ అతనే కొలిచేవాడు. అదే అతని పెద్దరికం.

నాలుగైదేళ్లు ఊరుకున్నాను. ఒక ఎండాకాలం గుర్రం సరిగా పడటం లేదని తనే అన్నాడు. బాగు చేయించుకొస్తానని తీసుకున్నాను. మద్నూర్ అవతల మరాఠీ మాట్లాడే కమ్మరి ఒకడున్నాడు. అతనిచేత కొత్త గొట్టం, కొత్త గుర్రం, కొత్త పలక చేయించి సోమ్లా కర్రకు బిగించాను. అసలువి తెచ్చి నా కర్రకు పట్టించుకున్నాను. కొత్త పలక మీద గద్దను కూడా చెక్కించాను. అది గద్దలా రాలేదు, కోడిలా వచ్చింది. మసి రుద్ది ఇచ్చాను. సోమ్లా కర్రను దవడకు ఆనించుకుని చూసుకున్నాడు. కర్ర తనదే కదా. “మస్తు తోమిపిచ్చినవ్ పటేలా, గద్ద అరిగిపాయె” అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఛీ.

ఇంతవరకు దొంగతనం. ఇంతే అయితే ఇది రాసేవాడిని కాదేమో.

ఆ కమ్మరి నాకొక మాట చెప్పాడు. ఈ గొట్టం పాతదానిలాంటిది కాదు, సగం మందే పోయాలి, నిండుగా పోస్తే ఆగదు, తుపాకి ఎవరిదో వాళ్లకు తప్పకుండా చెప్పు అన్నాడు. నేను లారీ ఎక్కేటప్పుడు వెనకాలే వచ్చి మళ్లీ చెప్పాడు. తలూపాను. దారి పొడుగునా ఆలోచించాను. సగమే పొయ్యి అంటే ఎందుకు అంటాడు. ఎందుకు అంటే ఏం చెప్పను? గొట్టం అరిగింది, తగ్గించి వాడు అని ఒక్క అబద్ధం చాలు. అన్ని అబద్ధాలు ఆడినవాడిని, ఆ ఒక్క అబద్ధం ఆడితే ఒక మనిషి చెయ్యి మిగిలేది. ఎందుకు ఆడలేదు? అనుమానం వస్తుందని భయం. పందుల్ని బెదరగొట్టడానికి అంత నిండుగా పోస్తాడా అని సర్దిచెప్పుకోవడం. లోపల ఎక్కడో, ఏమీ కాదులే అనే పాపిష్టి ధీమా. ఇన్నేళ్లలో ఎన్నిసార్లు తవ్వుకున్నా దీనికి మించి ఒక్క కారణం దొరకలేదు.

మక్క కంకులు పాలు పోసుకునే రోజుల్లో, ఒక సాయంత్రం చేలో గొట్టం పగిలింది. కేకలు విని పరుగెత్తాను. జనం అతణ్ణి బండిలోకి ఎక్కిస్తుంటే నేనేం చేశానో తెలుసా? ఇనుప ముక్కలు ఏరాను. పోలీసు కేసు అవుతుంది, నేను చూసుకుంటాను అన్నాను. అందరూ నన్ను మెచ్చుకున్నారు. తీసుకెళ్లి కాలువలో పారేశాను.

దవాఖానలో ఎడమ చెయ్యి మణికట్టు దగ్గర తీసేశారు. చూడటానికి వెళ్లాను. తేలు కుట్టిన దొంగలా మంచం పక్కన నిలబడ్డాను.

“అందరు తాగి పేల్చినవ్ అంటున్రు పటేలా. నీ మీదొట్టు, చుక్క ముట్టలే” అన్నాడు.

“నాకు తెలుసు సోమ్లన్నా.”

“మరి గిట్ల ఎట్లాయె? తాత కొలతనే పోసిన. గుండు మునిగినంతనే. నువ్వే చెప్పు, సదువుకున్నోనివి.”

నిజం నాలుక చివరి దాకా వచ్చింది. ప్రమాణం చేసి చెబుతున్నాను, వచ్చింది. దాన్ని వెనక్కి నెట్టి నేనన్న మాట ఇది: “పొద్దుగూకింది కదా, కనపడక కాస్త ఎక్కువ పడిందేమో.”

కట్టు కట్టిన మొండి చేతిని ఎత్తి చూసుకున్నాడు.

“గంతే అయ్యుంటది. కొలత తప్పింది గీ చెయ్యే, పోయింది గీ చెయ్యే. ఇగ ఎవ్వల్నేమనాలె?”

చెయ్యి గొట్టం పగిలి పోయింది. ఆ చేతి మీద నమ్మకం పోయింది మాత్రం నా మాటతోనే. ఆ తర్వాత తండాలో ఎవరూ అతణ్ణి కొలత అడగలేదు, అతనూ ఆ వైపు వెళ్లలేదు. దసరా పూజకు వెనక నిలబడేవాడు. తాగలేదంటే అతని భార్య సక్రి కూడా నమ్మలేదు. తాగుబోతు ముండాకొడుకని నలుగురిలో తిట్టేది. కొన్నాళ్లు కాదన్నాడు, తర్వాత అనడం మానేశాడు. చివరికి నిజంగానే సారాకు అలవాటు పడ్డాడు. తాగనివాణ్ణి తాగుబోతును చేసింది ఎవరో ఊళ్లో నాకొక్కడికే తెలుసు. నేను బియ్యం పంపేవాడిని, పండక్కి బట్టలు పెట్టేవాడిని. ధర్మాత్ముడన్నారు! ఆ మాట వింటుంటే చెవుల్లో సీసం పోసినట్టుండేది.

సోమ్లా గొట్టం, గద్ద పలక పట్టించుకున్న ఆ తుపాకి మా ఇంట్లో గోడకు వేలాడుతోంది. చూడవచ్చినవాళ్లు అబ్బ అంటారు. నేను ఆ గోడ వైపు ముఖం పెట్టి కూర్చోలేను.

పోయిన చలికాలంలో సోమ్లా చనిపోయాడు. తండాకు వెళ్లాను. సక్రి నా దగ్గరికి వచ్చి ఏడ్చింది. “మంచోడే ఉండె పటేలా. గా దినం తాగకపోతే చెయ్యి దక్కుతుండె, మనిషి దక్కుతుండె” అంది. అప్పుడైనా చెప్పాలి కదా? చనిపోయినవాడు నన్నేం చేస్తాడు? తల దించుకుని ఊఁ అన్నాను. రెండోసారి అతణ్ణి చంపినట్టే అది.

ఇది రాసినంత మాత్రాన నాకు క్షమాపణ దొరకదు. అడగడం లేదు కూడా. అడగాల్సిన మనిషి లేడు, ఉన్న మనిషి ముందు నిలబడే ముఖం నాకు ఇంకా రాలేదు. కానీ లోకంలో ఏదో ఒక చోట, ఎవరో ఒకరికి, ఈ నాలుగు ముక్కలు తెలిసి ఉండాలి. ఆ రోజు సోమ్లా తాగలేదు. ఎక్కువ పోయలేదు. గుండు మునిగినంతే పోశాడు. గొట్టం మార్చింది నేను.