డ్రైవర్ల గదిలో భోజనం

డిపోలో అతన్ని అందరూ నిదానం అనే పిలిచేవారు. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప మరెక్కడా వినిపించేది కాదు. ఇరవై ఆరేళ్ళు బస్సు నడిపి ఒక్క కోడిపిల్లను కూడా తొక్కనివాడు. అతని బస్సులో పెళ్ళికని ఎక్కినవాళ్ళు పిల్లలు పుట్టాక దిగుతారని తోటి డ్రైవర్లు వేళాకోళం చేస్తే నవ్వి ఊరుకునేవాడు. అతని పెళ్ళి మాటెత్తితే మాత్రం, "మనకి స్టీరింగుతో ఎప్పుడో అయిపోయిందండీ" అనేవాడు. ఇంట్లో అక్కా తమ్ముడూ ఇద్దరే. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆవిడే. ముప్పై ఏళ్ళు ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసి, కుడి మణికట్టు అరిగిపోయాక ఇంటిపట్టున ఉంటోంది.

అంతటి నిదానస్తుడికీ రోజుకొక్క తొందర ఉండేది. పొద్దున ఎనిమిదింటికి బయల్దేరిన బస్సు మధ్యాహ్నం భోజనాలకు అరగంట ఆగాలి. పదకొండు దాటిందంటే చాలు, కాలు యాక్సిలరేటరు మీద బరువెక్కేది. "అదిగో, ఆకలి గేరు పడింది" అనేవాడు కండక్టరు.

ఆగే హోటలు పెద్ద రోడ్డు పక్కన రేకుల షెడ్డు. పొడుగాటి హాలు, వరసగా బల్లలు, చివర చేతులు కడుక్కునే పంపులు. ఆ పంపుల వెనక ఒక ఆకుపచ్చ తలుపు ఉంది. అది డ్రైవర్ల గది. బస్సు ఆపి అంతమందిని తెచ్చినందుకు డ్రైవరుకీ కండక్టరుకీ అక్కడ భోజనం ఊరికే పెడతారు. ఊరికే పెట్టే తిండే కదా అని తీసిపారేసేలా ఉండేది కాదు. తళతళలాడే కంచాలు, అప్పుడే వార్చిన అన్నం, కళ్ళముందే పెనం మీద నుంచి దిగే చేప. అక్కడి వంటాయన సముద్రం ఒడ్డునుంచి వచ్చినవాడు. అన్నంలో వేలు పెట్టి చూసి, "ఇంకో రెండు నిమిషాలాగండి సార్, తొందరపడితే రుచి పారిపోతుంది" అని బతిమాలేవాడు. తన ఊళ్ళో అమ్మమ్మ వండినట్టు ఒకరోజు పచ్చి మిరపకాయల్తో, ఒకరోజు కొబ్బరితో చేసేవాడు. అంతకు ముందున్న వంటావిడ కొండల వైపు మనిషి. ఆవిడ పొగ మీద ఆరబెట్టిన మాంసం వండితే ఆ వాసన రెండు రోజులు చొక్కాను వదిలేది కాదు. కొండలెక్కకుండా, సముద్రం చూడకుండా, ఆ గదిలో కూర్చునే నిదానం తొమ్మిదేళ్ళలో నాలుగు దిక్కుల వంటా తినేశాడు.

మరి బయట హాల్లో ఏం పెడతారు? అతనికి తెలియదు. తెలుసుకోలేదంటే ఇంకా సరిగ్గా ఉంటుంది. దిగినప్పుడు హుషారుగా దిగిన జనం, ఎక్కేటప్పుడు మాటల్లేకుండా ఎక్కేవారు. ఎండ దెబ్బ అనుకునేవాడు. ఎవరో ఒకరు కిటికీలోంచి తల బయటపెట్టి వాంతి చేసుకునేవారు. మలుపులు ఎక్కువ కదా అనుకునేవాడు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, తొమ్మిదేళ్ళు తాగాడు.

అలా ఉండగా అక్కకు కంటిచూపు మందగించింది. బస్సు చివరాగే పట్నంలో మంచి కళ్ళ డాక్టరున్నాడంటే, తన బస్సులోనే తీసుకెళ్ళాడు. పొద్దున ఆవిడ అన్నం కట్టబోతే, "ఏమీ కట్టకక్కా, దార్లో హోటలుంది. భలే పెడతారు, తిందువుగాని" అన్నాడు. ఆకుపచ్చ తలుపు లోపలికి తీసుకెళ్ళి, అక్కకి ఆ చేప రుచి చూపించాలన్నది అతని ఆశ.

తలుపు దగ్గర హోటలు యజమాని చెయ్యి అడ్డం పెట్టాడు. "మీ అక్కగారంటే మాకూ అక్కగారే సార్. కానీ ఇవాళ ఈవిడని పంపితే రేపు ఇంకో డ్రైవరు బావమరిదితో సహా వస్తాడు. బయట కూర్చోబెట్టండి, నేను చూసుకుంటాగా" అన్నాడు.

అప్పుడు నిదానం చెయ్యాల్సింది ఒక్కటే. అక్కతో పాటు బయట కూర్చోవాలి. కూర్చునేవాడే. సరిగ్గా అప్పుడే తలుపు సందులోంచి వాసన వచ్చింది. ఏడాదికి నెల రోజులు మాత్రమే దొరికే చేప. వారం నుంచి వంటాయన ఊరిస్తున్నాడు.

"అక్కా, లోపల కాగితాల మీద సంతకాలు పెట్టాలి. నువ్వు తింటూ ఉండు, పది నిమిషాల్లో వచ్చేస్తా" అన్నాడు.

పది నిమిషాలు ఇరవై అయ్యాయి. రెండోసారి వడ్డించుకున్నాడు. చేతులు సబ్బుతో కడిగి, వాసన పోయిందో లేదో చూసుకుని వచ్చేసరికి, అక్క బస్సు నీడలో నిలబడి కొంగుతో మూతి తుడుచుకుంటోంది.

తిరుగు ప్రయాణంలో అతని వెనక సీట్లో కూర్చుని, కళ్ళలో వేసిన మందుకు రెప్పలు మూసుకునే అడిగింది. "రోజూ ఇదేనట్రా నీకు?"

"ఏదక్కా?"

"ఆ తిండి. ఎప్పుడో పొద్దున వండిన అన్నం, ముద్దలు ముద్దలుగా. కూరలో నీళ్ళు తప్ప ముక్క లేదు, పైగా పులిసిన కంపు. ఒక్క మాటైనా ఇంట్లో చెప్పావా? రాత్రిపూట నేనింత వండి పెడితే నాలుగు ముద్దలకే లేచిపోతావు, నా చేతి వంట నచ్చట్లేదేమో అనుకునేదాన్ని. ఇప్పుడు తెలిసింది. కడుపు పాడైపోయింది నీకు."

నిజం చెప్పేయొచ్చు. అద్దంలో చూస్తే ఆవిడ మూసిన కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. మందు వల్లనో, తనవల్లనో తెలియలేదు. గేరు మార్చాడు.

మర్నాడు తెల్లవారకముందే వంటింట్లో చప్పుడుకు మెలకువ వచ్చింది. అక్క కూరగాయలు కళ్ళకు దగ్గరగా పట్టుకుని తరుగుతోంది. మణికట్టుకు గుడ్డ చుట్టుకుంది. ఏడింటికల్లా మూడు గిన్నెల కేరియరు సిద్ధం. "వద్దక్కా, నీకెందుకు శ్రమ" అంటే, "నోర్ముయ్. నీకు చెప్పుకోవడం రాదు, నాకు వండడం వచ్చు" అంది.

మధ్యాహ్నం ఆ కేరియరును చూస్తూ కాసేపు కూర్చున్నాడు. తర్వాత కండక్టరు చేతికిచ్చి, తను ఆకుపచ్చ తలుపు తోసుకుని వెళ్ళాడు. ఈ ఒక్కరోజే అనుకున్నాడు. సాయంత్రం ఖాళీ గిన్నెలు చూసి అక్క మొహం వెలిగిపోయింది.

"కూర బాగుందా?"

"బ్రహ్మాండం."

"ఉప్పు సరిపోయిందా?"

"సరిగ్గా సరిపోయింది."

అక్క అతన్ని చూసి నవ్వింది. "నీ కడుపు కోసమని అసలు ఉప్పే వెయ్యలేదు. అక్క నొచ్చుకుంటుందని ఎంత అబద్ధమాడతావురా!" అంటూ తల నిమిరింది. తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు. చెంపదెబ్బ కొట్టినా అంత మంటగా ఉండేది కాదు.

అయినా మర్నాడూ అదే పని చేశాడు. ఆ మర్నాడూ అదే. పదకొండు రోజులు. రోజూ పొద్దున కేరియరు అందుకుంటూ, ఇవాళ తింటాననుకునేవాడు. పన్నెండయ్యేసరికి నాలుక మాట వినేది కాదు. అలాగని అక్క వంట తీసిపారేసేదేమీ కాదు. అతని ఇష్టాలన్నీ ఆవిడకు తెలుసు. వేయించిన చిక్కుడుకాయలు, గట్టిగా ఉడికించి మళ్ళీ నూనెలో తిప్పిన గుడ్లు, అడుగంటీ అంటనట్టు వదిలేసిన బంగాళాదుంపలు. వాటన్నిటినీ కండక్టరు తిని, ఏ రోజు ఏది ఎలా ఉందో రిపోర్టు చెప్పేవాడు. సాయంత్రం అదే రిపోర్టు నిదానం అక్కకు ఒప్పజెప్పేవాడు. పదకొండో రోజున కండక్టరే అన్నాడు. "అన్నా, ఇంక నాకు పెట్టొద్దు. ఇవాళ గుడ్డు మీద పెంకు ముక్క ఉంది. ఆవిడ కళ్ళు కనబడకపోయినా వండుతోందని అర్థమై, తినలేకపోయాను."

పన్నెండో రోజు నిదానం ఖాకీ చొక్కా మీద తువ్వాలు కప్పుకుని, కేరియరుతో హాల్లోకి వెళ్ళి ఒక మూల కూర్చున్నాడు. తొమ్మిదేళ్ళలో ఆ బల్లల దగ్గర కూర్చోవడం అదే మొదటిసారి. ఎదురుగా ఒక తల్లి కూరలోని ముక్కల్ని గ్లాసులో నీళ్ళల్లో కడిగి, కూతురి నోట్లో పెడుతోంది. పక్కనున్న పెద్దాయన, వేరే బస్సులో వచ్చిన వడ్రంగి, అన్నాన్ని కంచంలో అటూ ఇటూ తోస్తున్నాడు.

"తెలివైనవాడివి బాబూ, ఇంటి నుంచి తెచ్చుకున్నావు" అన్నాడాయన. "డ్రైవర్లకి లోపల విందు భోజనమట. మనల్ని గొర్రెల్లా ఇక్కడికి తోలేది అందుకేగా."

నిదానం తలెత్తలేదు. కేరియరు ఆయన ముందుకు జరిపి, "మీరు తినండి. మా అక్క వండింది" అన్నాడు. లేచి వెళ్ళి, అందరికీ పెట్టే కంచమే ఒకటి తెచ్చుకున్నాడు. మొదటి ముద్ద నోట్లోనే తిరిగింది. ఆ రోజు అక్కను కూర్చోబెట్టింది ఈ తిండి ముందేనని గుర్తొస్తుంటే, నీళ్ళతో దించుతూ, మెతుకు మిగల్చకుండా తిన్నాడు.

గదిలోంచి వంటాయన వెతుక్కుంటూ వచ్చాడు. అతని మొహం చిన్నబోయింది. "ఏం సార్, రాలేదు? మీకోసం తల ముక్క తీసి ఉంచాను."

"ఈ కూర కూడా నువ్వే వండుతావా?"

వంటాయన బల్లల వైపు చూడలేదు. "పొద్దున పెద్ద గిన్నెలు నాలుగు దించేసి వస్తాను. ఆ సరుకుతో ఎవడు వండినా అంతే. నేను దాన్ని నోట్లో పెట్టుకోను సార్. పెట్టుకుంటే మళ్ళీ వండలేను."

యజమాని దగ్గరికెళ్ళి, అందరికీ ఒకే గిన్నెలోంచి పెట్టించమని అడిగాడు నిదానం. యజమాని అదేదో హాస్యమైనట్టు నవ్వాడు. "సార్, మీ గిన్నె బాగుండాలంటే వాళ్ళ గిన్నె అలాగే ఉండాలి. ఆ మాత్రం మీకు తెలియదా?" అన్నాడు. తెలుసు. తొమ్మిదేళ్ళుగా తెలుసు.

మర్నాడు సెలవు. మధ్యాహ్నం వంటింటి గుమ్మంలో కూర్చుని చిక్కుళ్ళు తుంచుతున్న అక్క ఎదుట కూర్చున్నాడు.

"అక్కా, నీ కేరియరు నేను తినలేదు. ఒక్కరోజు కూడా."

"మరెవరు తిన్నారు?"

"కండక్టరు. నిన్న మాత్రం ఎవరో పెద్దాయన."

"నువ్వేం తిన్నావు?"

మొత్తం చెప్పేశాడు. ఆకుపచ్చ తలుపు గురించీ, వంటాయన గురించీ, సంతకాలు లేవన్న సంగతీ. అక్క చిక్కుళ్ళు తుంచుతూనే ఉంది.

"ఆ రోజు లోపల ఏం పెట్టారు?"

"చేప."

"బాగుందా?"

అబద్ధం చెప్పడానికి నోరు తెరిచి, మూసుకున్నాడు. "చాలా బాగుందక్కా."

"రెండోసారి పెట్టించుకున్నావా?"

"ఆ."

ఆవిడ చేతిలోని కాయను గిన్నెలో వేసింది. "కండక్టరు తిన్నందుకు నాకేం బాధ లేదు. ఎవరో ఒకరి కడుపు నిండింది. ఆ రోజు నాకు రెండో ముద్దకే వాంతొచ్చినంత పనయింది. నువ్వు రోజూ తింటున్నావు కదా, ఒక్క పూట నేను తినలేనా అని మొత్తం తిన్నాన్రా. నీకు తోడుగా తింటున్నాననుకున్నాను."

అరిచినా, గిన్నె విసిరికొట్టినా బాగుండేది. ఆవిడ లేచి పొయ్యి వెలిగించి, ఇద్దరికీ వండి, అతనికి వడ్డించి, తనది పట్టుకుని ముందుగదిలోకి వెళ్ళిపోయింది. ఆ చిక్కుడుకాయల రుచి ఏమిటో అతనికి తెలియనే లేదు.

తర్వాత బస్సు ఆగే చోటు మార్చాడు. ఇంకాస్త ముందుకెళితే, తోడికోడళ్ళిద్దరు నడిపే చిన్న హోటలుంది. బస్సు వచ్చాకే పొయ్యి మీద పెడతారు కనుక ఆలస్యమవుతుంది. తిండి బాగుందన్నవాళ్ళే, బస్సు లేటని అతన్ని తిట్టేవారు. కండక్టరు పది రోజులు ముభావంగా ఉన్నాడు. అక్కడ ప్రత్యేకం గదులేవీ లేవు. అందరి వడ్డనా అయ్యాక, ఖాళీ అయిన బల్ల దగ్గర నిదానం కూర్చునేవాడు. పెద్ద తోడికోడలి చెయ్యి మంచిదే. కానీ సముద్రపు వంటాయన చెయ్యి కాదు.

అంతా సర్దుకుందని చెప్పడానికి లేదు. తెల్లవారకముందు వంటింట్లో చప్పుడు ఆగిపోయింది. అక్క మాట్లాడేది, వండేది, జ్వరమొస్తే కాపలా కూర్చునేది. వంట ఎలా ఉందని మాత్రం అడగడం మానేసింది. మరుసటి నెల కళ్ళ డాక్టరు దగ్గరికి వేరే బస్సులో వెళ్ళింది. టైము కుదిరింది అంది. ఆ పై నెలా అంతే.

నాలుగో నెల చెప్పాపెట్టకుండా అతని బస్సే ఎక్కి, మూడో వరసలో కూర్చుంది. దార్లో రేకుల షెడ్డు వచ్చింది. కిటికీలోంచి చేప వేగుతున్న వాసన కొట్టింది. అప్పటికీ ఆ వాసనకు అతని నోట్లో నీళ్ళూరేవి. ఆ వెనకే సిగ్గు వచ్చేది, ప్రతిరోజూ, అదే వరసలో. ఆ రోజు అద్దంలోకి చూడడానికి ధైర్యం చాలలేదు.

తోడికోడళ్ళ దగ్గర అక్క అందరితో పాటు తినకుండా, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. జనమంతా లేచాక నిదానం కంచం పట్టుకుని దూరంగా ఇంకో బల్ల వైపు వెళుతుంటే, పిలిచింది.

"అక్కడెక్కడికి పోతావు? ఇటు రా."

వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ఆవిడ తనకూ కంచం పెట్టించుకుని, ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకుని, నెమ్మదిగా నమిలింది.

"అన్నం కాస్త మెత్తబడింది" అంది. "తిను. బస్సుకి టైమవుతోంది."

అతను తినడం మొదలుపెట్టాడు.