వెనక పోర్షన్ వాళ్ల సీకులు

“సీకులు వెనక పోర్షన్ వాళ్లవి” అన్నాను నేను.

ఇంటి ఓనర్ మెట్ల చివర నిలబడి ఉన్నాడు. ఆ ఆదివారం జనగామలో పెళ్లికని పొద్దున్నే కుటుంబంతో వెళ్లాడు. పొద్దుగూకితే గానీ రాడనుకున్నాం. మూడున్నరకే వచ్చేశాడు. పెరట్లో నల్లా పక్కన, రెండు పోర్షన్లకూ ఉమ్మడిగా ఉన్న గచ్చు మీద, కుంపటి ఇంకా ఎర్రగా ఉంది. స్టీలు పళ్లెంలో మాంసం గుచ్చి కాల్చిన ఇనప సీకులు నాలుగు మిగిలాయి. పక్కన గిన్నెలో పల్లి చట్నీ. ఆయన ఒకసారి గట్టిగా గాలి పీల్చి, కుంపటిని చూసి, పళ్లాన్ని చూసి, “ఎవరియి సార్ గివి?” అని అడిగాడు. దానికి నా జవాబు అది.

అందులో అబద్ధం లేదు. సీకులు వాళ్లవే. మాంసం నాది, కుంపటి నాది, దంచిన చట్నీ నాది. ఆ మూడూ నేను చెప్పలేదు.

“అనుకున్న” అన్నాడు ఓనర్. “పెద్దకూర వాసన నాకు తెల్వదా? ఇల్లిచ్చిన రోజే వాళ్లకు చెప్పిన, గీ ఇంట్ల బర్రె కూర వండొద్దని.”

వెనక పోర్షన్ తలుపు వైపు చూశాడు. తలుపుకున్న పరదా కొంచెం కదిలింది. ఆయన పైకి వెళ్లిపోయాడు. నేను నీళ్లు చల్లి కుంపటి ఆర్పాను.

మహబూబాబాద్‌లో ఆ ఇంట్లో మేం అద్దెకు దిగి అప్పటికి ఆరేళ్లు. పత్రికలో ముప్పై ఏళ్లు పనిచేశాను, జనగామలో, భూపాలపల్లిలో, చివరికి ఇక్కడ. రిటైరయ్యాక నేనూ మా ఇంటామె ఇక్కడే ఉండిపోయాం. ఇల్లు అడగడానికి వచ్చిన రోజు ఓనర్ నన్ను ఒక్కటే అడిగాడు: “ఏ పేపర్ సార్ మీది?” చెప్పాను. కుర్చీ వేశాడు. అంతకు మించి ఏమీ అడగలేదు. మాది జఫర్‌గఢ్ దగ్గరి ఊరని, మా నాయిన చెప్పులు కుట్టేవాడని, మా ఇంట్లో పండగంటే పెద్దకూరేనని నేనూ చెప్పలేదు. అడగనిది చెప్పడమెందుకని సర్దుకున్నాను. ఆయన ‘సార్’ అంటుంటే పలికాను.

రెండేళ్ల తర్వాత వెనక పోర్షన్‌లోకి ఒక వంటమనిషి వచ్చాడు, భార్య, ఒక్క ఆడపిల్ల. ఇల్లు మాట్లాడుకునే రోజు నేను అరుగు మీద కూర్చుని టీ తాగుతున్నాను. అతనికి ఓనర్ కుర్చీ వేయలేదు. పేరు విని, “మీరు పెద్దకూర తింటరు గదా. బయట తినుండ్రి, నేనొద్దన. నా ఇంట్ల వండొద్దు” అన్నాడు. అతను ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని, “వండం సేట్. మాట” అన్నాడు. అంటూ నా వైపు చూసి నవ్వాడు. నేనూ నవ్వి టీ తాగాను. నాలుగేళ్లు వాళ్లు ఆ మాట మీదే ఉన్నారు. తినాలనిపిస్తే ముగ్గురూ బస్సెక్కి భూపాలపల్లిలో ఆమె పుట్టింటికి పోయి తినివచ్చేవారు.

అతన్ని నేను భాయ్ అనేవాణ్ని. మలేసియాలో ఎనిమిదేళ్లు హోటల్ వంటింట్లో పనిచేసి వచ్చాడు. ఇక్కడ ఫంక్షన్ హాళ్లలో వండేవాడు. పని లేని సాయంత్రాలు నల్లా దగ్గర బకెట్ బోర్లించి కూర్చుని అక్కడి తిళ్ల గురించి చెప్పేవాడు. ఒకరోజు సాటే అనే దాని గురించి చెప్పాడు. వేలెడు పొడవు మాంసం పేలికలకు పసుపు, ధనియాలు, బెల్లం పట్టించి, సీకులకు గుచ్చి, బొగ్గుల మీద కాల్చి, పల్లీల చట్నీలో ముంచుకుని తింటారట.

“చికెన్‌తోని చేస్తరు, మటన్‌తోని చేస్తరు. అసలు రుచి పెద్దకూరదే సార్.”

“పేలికలు ఎట్ల కోస్తరు?”

“నారకు అడ్డం. పొడుగు కోసిండ్రనుకో, చెప్పు నమిలినట్టే.”

“చెప్పుల సంగతి నాకే చెప్తున్నవా భాయ్? మా నాయిన కుట్టినయి ఊరంత తొడిగింది” అన్నాను.

నోరు జారి అన్నది కాదు, కావాలనే అన్నాను. అతను ఒక్క క్షణం నా ముఖం చూసి, “అరే వా! కూర కాడికొస్తే మీరు మావోళ్లే గదా సార్” అని పగలబడి నవ్వాడు. మహబూబాబాద్‌లో నేను ఆ సంగతి చెప్పుకున్న మనిషి అతనొక్కడే.

ఆ మాటలైన దగ్గర్నుంచీ నాకు ఆ పొగ గుర్తుకొస్తూనే ఉంది. మా అవ్వ కూరను పేలికలు కోసి, ఉప్పూ పసుపూ రాసి, వాకిట్లో తీగ మీద ఎండేసేది. ఎండీ ఎండని పేలిక ఒకటి పుల్లకు గుచ్చి, పొయ్యిలో నిప్పుల మీద కాల్చి నాకిచ్చేది. బడికి పోయే ముందు చింతపండుతో నా చేతులు తోమేది, వాసన పోవాలని. మా ఇంటామెదీ అదే తిండి, అలాంటి ఇల్లే. పెళ్లయ్యి టౌన్‌లో కిరాయి ఇంట్లో దిగిన నాటి నుంచి మా పొయ్యి మీదికి అది ఎక్కలేదు. ఎవరూ వద్దనకముందే మేమే మానేశాం.

ఓనర్ ఆదివారం ఉండడని తెలిసి భాయ్‌ని సీకులు అడిగాను. సైకిల్ చక్రం పుల్లలు సాపు చేసి, మొనలు పదునుపెట్టి, అతను తయారుచేసుకున్నవి పద్నాలుగు ఉన్నాయి. తెచ్చిచ్చాడు. ముఖంలో మాత్రం ఎప్పుడూ ఉండే నవ్వు లేదు.

“సీకులిస్త సార్. చెయ్యి మాత్రం పెట్ట. ఓనర్‌కు మాటిచ్చిన. కూసోని చెప్త, మీరు చెయ్యుండ్రి.”

మాంసం మహబూబాబాద్‌లో కొనలేదు. ఇక్కడ నన్ను గుర్తుపట్టేవాళ్లు ఎక్కువ. శనివారం జనగామ పోయి, పెళ్లికి ముందు అక్కడ ఒంటరిగా ఉన్న రోజుల్లో కొనే దుకాణంలోనే తొడ మాంసం తీసుకుని, స్టీలు డబ్బాలో పెట్టి, డబ్బాను గుడ్డ సంచిలో దించి, పైన రెండు పాత పేపర్లు కప్పి రైల్లో తెచ్చాను. ఫ్రిజ్‌లో పెడుతుంటే మా ఇంటామె, “రిటైరైనంక దొంగతనం నేర్చినవా?” అంది. అంటూనే ధనియాలు వేయించడానికి మూకుడు పెట్టింది.

ఆదివారం భాయ్ బోర్లించిన బకెట్ మీద కూర్చుని చేతులు రెండూ తొడల కింద పెట్టుకున్నాడు. ఊరుకుంటే అవి ముందుకొస్తాయని భయం కాబోలు.

“గంత దగ్గర గుచ్చకుండ్రి సార్. ముక్కకు గాలాడాలె.” ఇంకాసేపటికి, “పల్లీలు మెత్తగ చెయ్యకుండ్రి. దోసె చట్నీ కాదది.”

వేయించి పొట్టు తీసిన పల్లీలను రోట్లో కచ్చాపచ్చాగా దంచాను. ఎండుమిర్చి, ఉల్లిగడ్డ ముద్ద నూనెలో మగ్గాక పల్లీలు వేసి, చింతపండు పులుసు, బెల్లం, కొబ్బరిపాలు పోసి నూనె తేలేదాకా ఉడికించాం. మిర్చి మా ఇంటామె తన చేతి లెక్కన వేసింది.

“గిన్ని మిరపకాయలా అక్కా? మలేసియావోళ్లు చస్తరు.”

“వాళ్లనెవలు పిలిచిండ్రు?” అంది ఆమె.

కాలుతున్న ముక్కకు నూనె రాయడానికి అక్కడ నిమ్మగడ్డి కాడ చితక్కొట్టి వాడతారట. నేను ఉల్లికాడలు చితక్కొట్టాను. కొవ్వు బొట్టు బొగ్గు మీద పడి చుయ్యిమంది. పొగ లేచింది. మా వాకిలి, తీగ, అవ్వ అన్నీ ఆ పొగలో ఉన్నాయి. మొదటి సీకు భాయ్ చేతికివ్వబోయాను, ఉప్పు చూడమని.

“వద్దు సార్. ఈ గచ్చు మీద తింటే మాట పోతది.”

రెండున్నరకు ఫంక్షన్ హాల్ పనికి వెళ్లిపోయాడు. ఒక్క ముక్క కూడా నోట పెట్టలేదు. గంట తర్వాత ఓనర్ వచ్చాడు.

రెండు నిజాలు పక్కపక్కన పెట్టి, మధ్యలోది చదివేవాళ్లకు వదిలేయడం పేపర్ పనిలో మాకు అలవాటే. ఫలానా ఇల్లు కాలింది. ఫలానా మనిషి ఆ పొద్దు అటు పోతూ కనిపించాడు. ఎవరైనా వచ్చి నిలదీస్తే, ఇందులో తప్పు ఏ ముక్కో చూపించమనేవాళ్లం. ఆ ఆదివారం నా నోట్లోంచి వచ్చింది ఆ అలవాటేనని చాలా రోజులు చెప్పుకున్నాను. అలవాటు ఒక్కటే కాదు. కూర నాదంటే తర్వాతి ప్రశ్న నేనెవరనేది. దానికి భయపడ్డాను.

సాయంత్రం భాయ్ రాగానే ఓనర్ పైకి పిలిపించాడు. “పో, పోయి చెప్పు” అంది మా ఇంటామె. చొక్కా వేసుకుని మూడు మెట్లు ఎక్కాను. పైనుంచి ఓనర్ గొంతు వినపడింది. “నేను ఉత్తగనే అంటలేను. సార్ ఉండె ఆడ. సారే చెప్పిండు, సీకులు మీయని.” ఏళ్ల తరబడి ‘విశ్వసనీయ వర్గాల సమాచారం’ అని రాసినవాణ్ని. ఆ పూట ఆ వర్గం నేనే. భాయ్ ఏమన్నాడో వినకుండా మెట్లు దిగొచ్చాను. కడిగిన సీకులను పాత పేపర్లో చుట్టి అటక మీద దాచాను.

“ఆ పిల్లకు పదో తరగతి పరీక్షలు” అంది మా ఇంటామె, నా వైపు చూడకుండా. “ఇప్పుడు ఇల్లు మారుస్తే ఎట్ల?”

నెలాఖరుకు ఖాళీ చేయమన్నాడు ఓనర్. ఊళ్లో వాళ్లకు ఇంకో ఇల్లు దొరకలేదు. అడిగిన ప్రతి చోటా పాత ఓనర్‌ను కనుక్కుంటామనేవారట. ఆ రోజుల్లో నల్లా దగ్గర రోజూ ఎదురుపడేవాళ్లం. భాయ్ నమస్తే అనేవాడు. బకెట్ మాత్రం బోర్లించేవాడు కాదు. పిల్లను పరీక్షలయ్యేదాకా ఒక స్నేహితురాలి ఇంట్లో ఉంచి, సామాను ట్రాలీ ఆటోలో వేసుకుని భూపాలపల్లి పోయారు. బీరువా ఎక్కించడానికి నేనూ ఒక పక్క పట్టాను. అతని భార్య, నాలుగేళ్లు నన్ను ‘భాయ్‌సాబ్’ అన్న మనిషి, నేను పట్టిన వైపుకు రాలేదు.

మూడు నెలలకు సీకులు తీసుకుని భూపాలపల్లి పోయాను. బొగ్గుబాయి కార్మికులు తినే ఒక మెస్‌లో వండుతున్నాడు. బెంచీ మీద కూర్చోబెట్టి టీ తెచ్చాడు. పిల్ల పాసైందన్నాడు. అడగాలని వచ్చిన మాట అడిగాను.

“కూర నాదని ఆనాడు ఎందుకు చెప్పలే భాయ్?”

“మీరు దాసుకున్న సంగతి నేనెందుకు బయట పెడ్త సార్? మేం వండలే, సీకులు మాత్రం మాయే అన్న. మిగిలింది మీరొచ్చి చెప్తరనుకున్న. మెట్ల మీద మీ అడుగుల చప్పుడు ఇన్న.”

నేను సీకుల కట్ట ముందుకు జరిపాను. అతను విప్పలేదు.

“ఇప్పటికన్న చెప్పిండ్రా ఓనర్‌కు?”

“లేదు.”

“అయితే మీ కాడనే ఉండనియ్యుండ్రి. చెప్పినంక తెండ్రి.” గ్లాసు తీసుకుని లోపలికి పోయాడు. లోపల పెద్ద మంట మీద ఏదో పొంగుతోంది.

వెనక పోర్షన్‌లో ఇప్పుడు వేరే కుటుంబం ఉంది. ఓనర్ రోజూ పొద్దున పేపర్ కోసం కిందికొస్తాడు. ‘నమస్తే సార్’ అంటాడు, నేనూ అంటాను. పద్నాలుగు సీకులూ అదే కాగితంలో, మా వంటింటి అటక మీదే ఉన్నాయి.