మాచర్ల బస్టాండులో మూడు రోజులు

ఆకలి, గడ్డం, దిగులు ఉంటే చాలు, నవల దానంతటదే వస్తుందని గట్టిగా నమ్మిన రోజులవి. ఇరవై మూడేళ్లొచ్చినా గడ్డం సరిగా రాలేదు గానీ మిగతా రెండూ పుష్కలంగా ఉండేవి. నరసరావుపేటలో రిజిస్ట్రారాఫీసు ఎదురుగా వరసగా ఉండే డాక్యుమెంట్ రైటర్ల కొట్లలో ఒకదానిలో టైపు చేసే పని నాది. మా ఓనరుగారిని వెనకాల అందరం 'సదరుగారు' అనేవాళ్లం (ఇంటికి ఫోన్ చేసి 'సదరు వంకాయ కూర మిగిలిందా' అని అడిగారని ఒకాయన ఒట్టేసి చెప్పాడు).

దస్తావేజుకీ దస్తావేజుకీ మధ్య, ఆఫీసు కంప్యూటర్లోనే, దొంగచాటుగా నవల కొట్టుకునేవాణ్ణి. ఒక పత్రిక పెట్టిన పోటీకి, నేను చెబుతున్న రోజు సాయంత్రం అయిదింటితో గడువు. ఆఖరి అధ్యాయం తెమలడం లేదు. నా కథానాయిక వసంత అత్తింటి నుంచి సూట్‌కేసుతో బయటపడి మాచర్ల బస్టాండుకి చేరింది. మూడు రోజులుగా పాపం అక్కడే నిలబడి ఉంది. వెనక్కి పంపడానికి మనసొప్పలేదు, కృష్ణలో దూకిద్దామంటే చేతులు రాలేదు. పొద్దుటి నుంచీ ఒక వాక్యం కొట్టడం, చెరపడం. మధ్య మధ్యలో గడియారం చూడడం. ఏడాది కష్టం వృథా అవుతుందని ఒక భయం, ఓనరు చూస్తే ఉద్యోగం ఊడుతుందని ఇంకో భయం.

మూడింటికి వెల్దుర్తి వైపు నుంచి ఒక మామ్మ కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. రెండెకరాల చేను కూతురి పేర రాసివ్వాలి. ఆ దస్తావేజు ప్రింటుకిస్తూ, స్క్రీను మీద నా తప్పులు నాకు కనపడడం లేదని వసంత పేజీ కూడా వెనకాలే ఇచ్చాను. సరిగ్గా అప్పుడే సదరుగారు చేను పాసుపుస్తకానికి జిరాక్సు తెమ్మన్నారు. పక్క కొట్టుకి పరిగెత్తి వచ్చేసరికి ప్రింటరు దగ్గరి కాగితాలన్నీ ముందువెనకలు కలిసిపోయి ఆయన చేతిలో ఉన్నాయి.

వేలిముద్ర వేయించే ముందు దస్తావేజు పైకి చదివి వినిపించడం మా కొట్టు ఆనవాయితీ. ముప్ఫై ఏళ్ల అలవాటు మీద ఆయన ఊపిరి తీసుకోకుండా చదివేస్తారు, ఏం చదువుతున్నారో ఆయనకే వినపడదు. "తూర్పు సర్కారు డొంక, పడమర వాగు, సదరు నాలుగు హద్దుల నడుమ గల భూమిని నీకు దఖలు పరిచినాను, వసంత సూట్‌కేసు కింద పెట్టింది, వచ్చే బస్సులన్నీ ఎవరెవరి ఇళ్లకో పోయేవే..." అక్కడ ఆగారు.

"ఏందిరా ఇది? సదరు వసంత ఎవరు?" అన్నారు కళ్లద్దాల మీంచి నన్ను చూస్తూ.

"నేను రాస్తున్న నవలండీ" అన్నాను.

మామ్మ అడ్డం వచ్చింది. "నవలైతే ఏందయ్యా, ఆ పిల్ల ఎటు పోయిందో చెప్పు."

"తెలియడం లేదు మామ్మా. మూడు రోజుల్నుంచి మాచర్ల బస్టాండులోనే ఉంది."

"మూడు రోజులా? కూర్చోబెట్టావా? ఏమన్నా తిన్నదా?"

వసంతకి ఆకలేస్తుందని నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. చానా సిగ్గేసింది.

మామ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "నేనూ నిలబడ్డా ఆ బస్టాండులో, దీన్ని చంకనేసుకోని. ఎక్కితే దిగటానికి నాకంటూ ఒక చోటు లేకపోయె. మళ్లీ ఇంటికే పోయా. దీనికట్టా కాకూడదనే ఈ చేను. నువ్వు ఆ పిల్లని నిలబెట్టమాక. బస్సెక్కించు."

కూతురు తల వంచుకుంది. సదరుగారు నా పేజీ నాకిచ్చేసి, మిగతా దస్తావేజు చదివి మామ్మ చేత వేలిముద్ర వేయించారు. ఆ తర్వాత నావైపు చూడకుండానే అన్నారు: "ఈ పూట ఇంకో డాక్యుమెంటు లేదు. పోయి సదరు పిల్లని బస్సెక్కించు."

వసంత ముందుగా నాలుగు ఇడ్లీలు తింది. తర్వాత బస్సెక్కింది. దిగడానికి చోటు కావాలి కనుక గురజాలలో ఒక గదీ, అందులో ఒక కుట్టు మిషనూ అప్పటికప్పుడు ఏర్పాటు చేశాను (నవలలో అద్దె ఉండదు). నెట్ నత్తలా నడుస్తుంటే, అయిదింటికి రెండు నిమిషాల ముందు మెయిల్ పంపాను.

బహుమతి రాలేదు. అందినట్టు జవాబైనా రాలేదు. రెండు నెలల తర్వాత దస్తావేజు నకలు కోసం వచ్చిన మామ్మ మాత్రం గుమ్మంలోనే అడిగింది. "ఎక్కిందా?"

"ఎక్కింది మామ్మా. గురజాలలో దిగింది."

"ఆడ ఎవరున్నారు?"

"ఎవరూ లేరు. తన గది ఉంది."

"చాల్లే" అని కూర్చుంది. ఆ నవల గురించి నన్ను అడిగిన పాఠకురాలు ఇప్పటికీ ఆమె ఒక్కతే.

ఇప్పుడు నాకు గడ్డం బాగానే వస్తుంది, అదీ తెల్లగా. రాత సాగని రోజున ముందుగా నా మనుషులు అన్నం తిన్నారో లేదో చూసుకుంటాను. ఆ కొట్లో గడియారం చూసి వణికిన కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. తన ఆకలి గొప్పదనుకుని, పాపం, ఒక ఆడమనిషిని మూడు రోజులు పస్తుంచాడు.