అద్దె కథ, సొంత గంజపా

నేను కొన్న వస్తువు నా ఇంట్లో ఉండాలి. ఈ మాట మీద నేను బతుకంతా నిలబడ్డాను. ఐదో తరగతితో బడి మానేసి, బరంపురం లంజిపల్లిలో సైకిల్ షాపు పెట్టుకుని, సామాన్లకు చుట్టొచ్చిన కాగితాలు చదివి మూడు భాషలు నేర్చుకున్నవాణ్ని. ఆ కాగితాలకు నెలనెలా అద్దె కట్టమని నన్నెవరూ అడగలేదు.

మా మనవరాలు కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెబుతుంది. రెండేళ్లపాటు ఆదివారం మధ్యాహ్నాలు మా ముందు గదిలో ఒక ఆట నడిపింది. తను కథ చెబుతుంది. ఆడేవాళ్లు ఆ కథలో మనుషులై, ఏం చెయ్యాలో వాళ్లే తేల్చుకుంటారు. చేసింది ఫలించిందా లేదా అన్నది పాచిక చెబుతుంది. ఆడేవాళ్లం ముగ్గురం. మనవరాలి స్నేహితురాలైన నర్సు కథలో వైద్యురాలు. చమఖండి నుంచి వచ్చే పాతికేళ్ల కుర్రాడు పడవల ఇంటివాడు, కథలోనూ సరంగే. నేను ముసలి కాపలావాణ్ని. తుపాను మింగబోయిన ఒక ఊరి జనాన్ని పడవలో ఎక్కించుకుని ఒడ్డుకు చేర్చాలి. రెండేళ్లూ అదే కథ.

పటాలు, పాచిక, మా ముగ్గురి బలాలు, దెబ్బలు అన్నీ లాప్‌టాప్‌లో ఏదో సైటులో ఉండేవి. దానికి నెల చందా. "పుస్తకాలు కొన్నాను తాతా" అని మనవరాలంటే, ఏవీ చూపించమన్నాను. తెర చూపించింది. కొన్నదానికి మళ్లీ చందా ఏమిటని అడిగితే నవ్వేసి ఊరుకుంది. నేను ఊరుకోలేదు. ప్రతి ఆదివారం ఆ ముక్క అంటూనే ఉన్నాను.

కుర్రాడికి కేరళ బోట్లలో పని దొరికింది. ఆదివారం సాయంత్రం బండి. వెళ్లేలోగా పడవ ఒడ్డు చేరిందో లేదో తెలుసుకోవాలని పెట్టె సర్దుకుని మధ్యాహ్నమే వచ్చేశాడు. మనవరాలు లాప్‌టాప్ తెరిస్తే తాళం బొమ్మ కనిపించింది. పాత చందా పద్ధతి ఎత్తేశారట. ఆ పిల్ల అక్కడికక్కడే కొత్తది కట్టింది. పాత కథలు తిరిగి కనిపించడానికి రెండు రోజులు పడుతుందని జవాబు.

"రెండ్రోజులకి నేను కొచ్చిలో ఉంతాను," అన్నాడు కుర్రాడు. "పోన్లే అక్కా. ములిగిపోయిందనుకుంతాను."

నాకు ఒళ్లు మండింది. మన ఇంట్లో కూర్చుని మనం చెప్పుకున్న కథకు ఎవడో తాళం వెయ్యడమేమిటి? లోపలి గదిలోకి వెళ్లి గంజపా పేకల పెట్టె తెచ్చాను. కొడల సంతకు వచ్చిన చిత్రకారుడి చేత మా నాన్న రాయించిన గుండ్రటి ముక్కలు. గుడ్డ మీద చింతగింజల జిగురు పట్టించి రంగు వేసినవి. చేప, తాబేలు లాంటి గుర్తులుంటాయి, ఒక్కో గుర్తుకు పన్నెండు ముక్కలు: రాజు, మంత్రి, ఒకటి నుంచి పది దాకా. ఒకసారి ఎలుక కొరికితే ఆ ఒక్క ముక్కే మళ్లీ రాయించాం.

"ఎవరి బలం ఎంతో నాకు నోటికొచ్చు. పాచిక బదులు ముక్క లాగండి. ఎనిమిదీ, పై అంకెలూ వస్తే గెలుపు," అన్నాను.

ఆట జోరుగా సాగింది. అలకు కొట్టుకుపోతున్న ముసలమ్మ కోసం వైద్యురాలు నీళ్లలో దూకింది. నర్సు ముక్క లాగితే తాబేలు గుర్తు, ఒకటి. వైద్యురాలు కనబడకుండా పోయింది. నర్సు మినప బరా తింటూ కూర్చుంది.

చివరి అల. చుక్కాని తిప్పాల్సింది సరంగు. కుర్రాడు కళ్లు మూసుకుని లాగాడు. చేప గుర్తు. అదీ ఒకటే.

"అయిపోనాది," అన్నాడు. చెప్పుల కోసం చూశాడు.

ఆ ముక్కను మా నాన్న గెలుపు ముక్కలా చాప మీద పరిచే తీరు అప్పుడు గుర్తొచ్చింది నాకు. "ఆగు," అన్నాను. "చేప గుర్తులో లెక్క తిరగేసి. రాజు, మంత్రి తరవాత ఒకటే పెద్దది. పది అన్నిటికన్నా చిన్నది."

మనవరాలు నా మొహంలోకి చూసింది. "ఆడు ఎల్లిపోతన్నాడని ఇప్పుడు పుట్టించినావేటి తాతా?"

"నలభై ఏళ్లు పంక్చర్లేశాను. లేని చిల్లు ఉందని ఎవడికీ చెప్పలేదు."

నర్సు చెయ్యి తుడుచుకుంది. "మరి తాబేలుకేటి లెక్క?"

చాలాకాలం ముక్క పట్టక నేను చేసిన తప్పు అక్కడ బయటపడింది. "తాబేలుకీ అదే లెక్క," అన్నాను. "ముందే చెప్పాల్సింది. మరిచాను."

"నన్ను ములిగించేసి ఇప్పుడు సెప్తన్నావా? బరా సల్లారిపోయిందాకా ఏడిసినాను."

"తిన్నావు గానీ ఏడవలేదు," అన్నాడు కుర్రాడు.

నన్ను నేనే తప్పుపట్టుకున్నాక మనవరాలికి నమ్మకం కుదిరింది. కథ వెనక్కి తిప్పింది. వైద్యురాలు ముసలమ్మను చంకన పట్టుకుని పలక మీద తేలింది. చుక్కాని తిరిగింది. పడవ అడుగు ఇసుకను తాకిందని చెప్పింది మనవరాలు. కుర్రాడు చేప ముక్కను అటూ ఇటూ తిప్పి చూసి, నా ముందు పెట్టి లేచాడు.

"ఉంచుకో," అన్నాను.

"జట్టు సెడిపోద్ది తాతా."

"నాది. నా ఇష్టం."

జేబులో వేసుకుని బండికి వెళ్లాడు.

రెండు రోజులకు సైటు తెరుచుకుంది. మనవరాలు నాకు చూపించింది. తెర మీద పడవ ఇంకా నడిసముద్రంలోనే ఉంది. "ఒడ్డుకి లాగీమంతావా?" అని అడిగింది. ఎప్పుడో చేరిపోయింది కదా, అన్నాను. అది మూసేసి కొత్త నోటుపుస్తకంలో జరిగిందంతా రాయడం మొదలుపెట్టింది. మధ్యమధ్యలో నన్ను అడుగుతోంది, నేను చెబుతున్నాను.

పాత చిత్రకారుడి కొడుకు ఇప్పుడు ఆ పని చేస్తున్నాడు. చేప గుర్తు ఒకటి ముక్క మళ్లీ రాసిపెట్టమని కబురు పంపాను. జిగురు ఆరడానికి నాలుగు రోజులు మంచి ఎండ కావాలన్నాడు. కాయనీ అన్నాను.