గేటు వేశావా అని అడగకూడదు

లావోన్ హాస్కెట్ ఇరవై తొమ్మిదేళ్లు స్కూలు బస్సు నడిపింది. వయోమింగ్‌లో వాళ్ల వైపు ఆ దారికంతటికీ ఒకటే బస్సు. పొద్దున అరవై మైళ్లు, సాయంత్రం అరవై మైళ్లు, సగానికి పైగా మట్టిరోడ్డే. మంచు గడ్డకట్టిన రోజుల్లో చక్రాలకు గొలుసులు తనే బిగించుకునేది. సెలవుల్లో గడ్డి లారీ నడిపేది. ఎవరైనా సరదాగా అలా బండిలో తిరిగొద్దామా అంటే ఆమెకు ఒళ్లు మండేది. అలాంటి మనిషి అరవై ఎనిమిదో ఏట తనే నోరు తెరిచి అడిగింది, పాత పికప్పు వేసుకుని నెవాడా దాకా వెళ్లొద్దామని. అదీ హైవే ఎక్కకుండా, కొండదారుల్లోనే.

మొగుడు డ్వైట్ కాఫీ పక్కన పెట్టి ఆమె వంక చూశాడు. "ఒంట్లో బాగానే ఉందా నీకు?"

"నలభై ఏళ్లుగా తీసుకెళ్తానంటున్నావు. ప్రతి జూన్‌లోనూ గడ్డికోత అడ్డం వస్తోంది. ఇప్పుడు కోత లేదు, వంకా లేదు."

ఆమె అసలు సంగతి చెప్పలేదు. ఆ ప్రాంతంలో వేసవి రాగానే నలుగురైదుగురు రైతులు పశువులన్నిటినీ కలిపి కొండమీది మేతబీళ్లకు తోలతారు. వాటితో పాటు ఒక మనిషి జూన్ నడిమి నుంచి అక్టోబరు దాకా చెక్క గుడిసెలో ఒంటరిగా ఉంటాడు. అక్కడ ఫోను పలకదు. పలకరించే మనిషి కావాలంటే ముప్ఫై మైళ్లు పోవాలి. ఈ ఏడు ఆ పనికి రమ్మని మేతబీళ్ల సంఘం పెద్ద కెర్మిట్ అడిగితే, అతని మాట పూర్తికాకుండానే డ్వైట్ సరేనన్నాడు. జీవితమంతా ఇతరుల పశువుల్ని కాసినవాడు, వద్దని ఎలా అంటాడు?

లావోన్‌కు మాత్రం చలికాలం నుంచీ గుండెల్లో రాయి పడింది. ఒకరోజు నీళ్లు పోయకుండా కాఫీగిన్నె పొయ్యి మీద పెట్టి మాడ్చాడు. ఇంకోరోజు రెండేళ్ల క్రితం చనిపోయిన పొరుగాయన ఇంటికి కంచె తీగలు బిగించే పనిముట్టు అడగడానికి వెళ్లొచ్చాడు. విడివిడిగా చూస్తే దేనికదే వయసు తెచ్చే మతిమరుపు. కలిపి చూడాలంటే ఆమెకు భయం. అడిగితే విరుచుకుపడతాడు. డాక్టరు పేరెత్తితే చచ్చినా వెళ్లడు. పది రోజులు ఒకే బండిలో పక్కపక్కన కూర్చుంటే నిజం తేలకపోదనుకుంది. తిరిగొచ్చే శనివారం లోగా అతన్ని పంపేదీ లేనిదీ కెర్మిట్‌కు చెప్పాలి.

మొదటి ఐదు రోజులూ డ్వైట్ బంగారంలా ఉన్నాడు. ఏ లోయలోకి దిగినా అక్కడి పశువుల ఒంటి మీది ముద్ర చూసి ఎవరివో చెప్పేవాడు. ఎదురొచ్చిన ప్రతి బండికీ స్టీరింగు మీంచి ఒక వేలు లేపి పలకరించేవాడు. మధ్యాహ్నం ఎక్కడో ఒకచోట వేయించిన మాంసం తిని, బంగాళాదుంపలు మా ఊళ్లోనే నయమని అన్ని ఊళ్లలోనూ అన్నాడు. లావోన్‌కు నడుము నొప్పి, దుమ్ముతో కళ్ల మంట. అంతకంటే ఎక్కువగా, కట్టుకున్నవాడి మీద పోలీసులా నిఘా వేసినందుకు సిగ్గు. మోటెల్ పరుపుల మీద నిద్ర పట్టక, ఈ ముసలోడు బాగానే ఉన్నాడు, నాకే పిచ్చి అనుకునేది. అలా అనుకుంటే హాయిగా ఉండేది.

కొండదారుల్లో గేట్లెక్కువ. నడిపేవాడు దిగడు, అవతలి తలుపు పక్కన కూర్చున్నవాళ్లే దిగి తెరిచి, బండి దాటాక వేయాలి. అందుకే ముగ్గురు వెళ్తుంటే తెలివైన పాలేరు మధ్యలో కూర్చుంటాడని అక్కడ వేళాకోళం. ఐదు రోజులూ గేట్లు లావోన్‌వే. అవి ఇనుపవి కూడా కావు, ముళ్లతీగకు కర్రలు కట్టినవి. గుంజను కౌగిలించుకుని బలంగా లాగితే గానీ చివరి కర్ర తీగ ఉచ్చులోకి దూరదు. ఆరో రోజు, ఇడాహో దక్షిణాన, ఆమె భుజాలు పైకి లేవలేదు.

"ఇవాళ నేను నడుపుతాను. గేట్లు నువ్వు చూసుకో, ముసలోడా."

"ఐదు రోజులకే అలిసిపోయావా?"

"ఐదు రోజులకు కాదు, అరవై ఎనిమిదేళ్లకు."

పది గంటలప్పుడు మూడో గేటు వచ్చింది. డ్వైట్ దిగి ఉచ్చు తీసి, గేటును పక్కకు ఈడ్చాడు. లావోన్ బండి దాటించి ఆపింది. పక్క అద్దంలో చూస్తే, అతను నడుం మీద చేయి వేసుకుని దూరపు కొండల వైపు చూస్తూ నిలబడ్డాడు. కాసేపటికి మెల్లగా వచ్చి ఎక్కి తలుపు వేసుకున్నాడు. గేటు నేల మీదే పడి ఉంది.

గేటు వేశావా అని అక్కడ ఎవరూ ఎవర్నీ అడగరు. అలా అడగడం మనిషిని తీసిపారేయడమే. లావోన్ అడగలేదు. దిగి తనే వేసి రావచ్చు, అదీ చేయలేదు. తనంతట తనే గుర్తుతెచ్చుకోవాలని ఆమె ఆశ. బ్రేకు మీంచి కాలు తీసింది. ఒక మైలు, రెండు మైళ్లు. డ్వైట్ ఒక కంచరగాడిద తనను వాగులో పడేసిన కథ ఎత్తుకున్నాడు. ఈ ప్రయాణంలో అది మూడోసారి. ఎనిమిదో మైలు దగ్గర ఆమె ఇక ఆగలేక బండి వెనక్కి తిప్పింది.

"ఇదేంటి?"

"దారి తప్పాం."

వాళ్లు గేటు దగ్గరికి తిరిగి వచ్చేసరికే జరగాల్సింది జరిగిపోయింది. గేటుకు అవతలివి పొరుగు రైతు ఎర్ర ఆబోతులు, ఇవతలివి ఇంకా చూలు కట్టని నల్ల పెయ్యలు. ఇప్పుడు అన్నీ ఒక్కచోటే. ముప్ఫై ఐదేళ్ల మనిషి గుర్రం మీద ఒక్కతే, ఒక కుక్కతో, అటూ ఇటూ పరుగులు పెడుతోంది. పేరు మైటే. పెయ్యలు ఆమెవి.

"ఈ గేటు మీరు దాటారా?" అని అడిగింది, రొప్పుతూ.

"మేం తెరిచింది తెరిచినట్టు వదలం అమ్మాయ్. యాభై ఏళ్లుగా గేట్లు వేస్తున్నవాణ్ణి," అన్నాడు డ్వైట్. అతని గొంతులో అబద్ధం లేదు.

మైటే అతని టోపీ, చేతులు చూసి నమ్మింది. "ఎవరో పట్నం జనం అయ్యుంటారు. ఆ పెద్ద ఆబోతుకు మూడు పెయ్యలు చిక్కాయి. వాటికి అంత పెద్ద దూడలు పడితే వచ్చే వసంతంలో కాన్పు దాటవు. కాస్త సాయం పడతారా పెద్దాయనా?"

ఆమె గుర్రం డ్వైట్‌కిచ్చి తను కాలినడకన తోలింది. లావోన్ గేటు దగ్గర కాపలా. ఎర్రది వస్తే వదలాలి, నల్లది వస్తే అదిలించాలి. సాయంత్రం నాలుగు దాకా ఎండలో అదే పని. డ్వైట్ గొంతు పెంచలేదు, గుర్రాన్ని ఉరికించలేదు. ఏ పశువు ఎటు తిరగబోతుందో దానికంటే ముందే తెలిసినట్టు అక్కడుండేవాడు. చివరి ఆబోతు దాటాక దిగి, గుంజను కౌగిలించుకుని, ఒక్క లాగుకు గేటు బిగించాడు.

"ఈ వేసవికి ఈయన్ని నాకు వదిలేసి వెళ్లండి," అంది మైటే నవ్వుతూ. లావోన్ వెళ్లి బండి స్టార్టు చేసింది.

బండి కదిలాక డ్వైట్ టోపీ తీసి తొడకేసి దులిపాడు. "ఎవడో గాడిద. గేటు వేయడం చేతకానివాడు ఇంట్లో కూర్చోవాలి. మనం ఇవాళ ఈ దారిన రావడం మంచిదైంది. లేకపోతే ఆ పిల్ల ఒక్కతే ఏం చేసేది?"

అతనికి పొద్దున ఆ గేటు దాటినట్టే గుర్తులేదు. ఆరు రోజులుగా ఆమె వెతుకుతున్నది దొరికింది. దొరక్కుండా ఉంటే బాగుండేది.

నువ్వే అని చెప్పొచ్చు. నమ్మడు. నమ్మితే ఇంకా ఘోరం. అక్కడ మనిషి తాగినా క్షమిస్తారు, కొట్లాడినా మర్చిపోతారు. గేటు తెరిచి వదిలేశాడన్న పేరు మాత్రం సమాధి దాకా వస్తుంది. లావోన్ ఒళ్లంతా నొప్పులు, ఆలోచించే ఓపిక కూడా లేదు.

"నేనే, డ్వైట్."

"నువ్వేంటి?"

"గేటు. పొద్దున నేనే తెరిచాను. వేయడం మర్చిపోయాను. ఈ మధ్య అన్నీ మర్చిపోతున్నాను. కాఫీగిన్నె మాడింది చూడు, అలాంటివి."

అతను కసురుకుంటాడనుకుంది. కసురుకోలేదు. ఆమె మోకాలి మీద చేయి వేశాడు.

"కాఫీ సంగతి నేనూ గమనించానే. నువ్వు బాధపడతావని అనలేదు."

లావోన్‌కు ముందున్న రోడ్డు మసకబారింది. "నన్ను వేసవంతా ఒంటరిగా వదిలేసి కొండెక్కుతావా?"

తర్వాతి ఊళ్లో పెట్రోలు బంకు దగ్గర ఫోను అందింది. డ్వైట్ బండి కిటికీ పక్కనే నిలబడి గొంతు తగ్గించి మాట్లాడాడు. చెవి సరిగ్గా వినపడనివాడు గొంతు తగ్గిస్తే ఊరంతా వింటుంది.

"కెర్మిట్, ఈ ఏడు నేను రాలేను. మా లావోన్‌కు బుర్ర సరిగ్గా పనిచేయడం లేదు. గేటు తెరిచి వదిలేసింది. ఆఁ, మా లావోనే. నాకూ నమ్మబుద్ధి కాలేదు. ఎవరితోనూ అనకు."

కెర్మిట్ చీకటిపడేలోగా అందరితోనూ అంటాడు. ఇరవై తొమ్మిదేళ్లు బస్సులో ఒక్క పిల్లను కూడా తప్పిపోనివ్వని మనిషికి ఇంటికి చేరేలోగా కొత్త పేరు వచ్చేస్తుంది. పోనీ, అనుకుంది లావోన్.

డ్వైట్ ఎక్కి, ఒంగి, ఆమె సీటు బెల్టు తనే పెట్టాడు. గట్టిగా ఉందో లేదో లాగి చూశాడు.

"మెల్లగా పోనీ. దారి నేను చెప్తాలే, కంగారుపడకు."

"సరే," అని లావోన్ బండి గేరులో వేసింది.