పటంలో ఆరని ఎరుపు

చరిత్రకు ప్రాణం పోశామని ఎవరైనా అంటే నేను ముందు వాళ్ల చేతులు చూస్తాను, రంగేమైనా అంటుకుందా అని. ఈ జబ్బు నాకు బాన్సువాడలో, మా అక్క పెళ్లి మాటల నాడు పట్టుకుంది.

మా ముత్తాతలు ఎప్పుడో కోట గుమ్మం దగ్గర కావలి కాసినవాళ్లట. కోట కూలింది, కావలి పోయింది, ఇంటిల్లిపాదీ బీడీలు చుట్టి బతికేవాళ్లం. అయినా ఊరు మమ్మల్ని దర్వాజోళ్లనే పిలిచేది. బడిలో చెప్పేది ఉర్దూ. తెలుగు మాత్రం తునికాకు కట్టలకు చుట్టి వచ్చే పాత పత్రికల ముక్కల మీద నేనే నేర్చుకున్నాను. ఒక ముక్కలో గెలిచిన రాజు ఇంకో ముక్కలో ఓడిపోయేవాడు. కాబట్టి అచ్చయినదంతా నిజమని నేనెన్నడూ నమ్మలేదు.

పంతొమ్మిది వందల నలభైల మొదట్లో, పెద్ద కొడప్‌గల్ దిక్కు నుంచి అక్కకు సంబంధం కుదురుతున్న రోజుల్లోనే, అంగడి పక్కన డేరా సినిమా దిగింది. ఎక్కడి రాజో, ఎక్కడి కోటో! చివర్లో ద్వారం కాసేవాడు శత్రువుతో కుమ్మక్కై తలుపు తీశాడు. డేరాలో తలలన్నీ మా నాన్న వైపు తిరిగాయి.

తెల్లారి బీడీల కార్ఖానాలో, పక్కన కూర్చున్న ముసలవ్వ అక్కను వదలలేదు.

“ఏందే పిల్లా, మీ తాతనే తలుపు తీసిండంట గదా!”

“అది మన కోట కాదవ్వా. ఆ రాజు మన రాజే కాదు,” అన్నాను నేను.

“గట్లనా? అబద్ధమైతే బొమ్మ ఎట్ల కదులుతదిరా? ఊరంత చూసిన్రు, నీకొక్కనికే కండ్లు లేవా?”

అందరూ నవ్వారు. పెళ్లికొడుకు మేనమామ కూడా ఆ డేరాలో కూర్చున్నవాడే. వాళ్లింట్లో ఆయన మాటే మాట. “ముందుగాల గీ తలుపు ముచ్చట తేలనియ్యున్రి, పెండ్లి ముచ్చట తర్వాత” అని కబురు పంపాడు. మాట్లాడుతూ కూడా చెయ్యి ఆపని మా అక్క, ఆ రోజు ఆకు చేతిలో పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది.

“నోటితోని చెప్తే ఎవడింటడు? బొమ్మకు బొమ్మనే జవాబు,” అన్నాడు నాన్న. పటంవాళ్లను పిలిపించాడు. పటంవాళ్లంటే మా కులం కథను పొడవాటి గుడ్డ మీద రంగుబొమ్మలు చూపిస్తూ పాడేవాళ్లు. కొన్నేళ్లకోసారి వచ్చి, మా ఇళ్లలో తిని, కథ చెప్పి పోతారు. వాళ్లు పాడినదాన్ని మా వాళ్లెవరూ కాదనరు.

మేనమామ వచ్చి అందరికన్నా ముందు కూర్చున్నాడు. అక్క తలుపు చాటున నిలబడింది. పటం విప్పుతూ విప్పుతూ కోట గుమ్మం దగ్గర ఆపారు. నేను చిన్నప్పుడు చూసిన పటంలో ఆ గుమ్మం ముందు ఒక మనిషి ఊరికే నిలబడి ఉండేవాడు. ఇప్పుడు అతని రొమ్ములో బల్లెం దిగి ఉంది. పాదాల దాకా నెత్తురు. వెనక తలుపు మూసే ఉంది. పటంవాడు గొంతెత్తి, ప్రాణం పోయినా తలుపు విడవని వీరుడని పాడాడు. ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు. నాకు మాత్రం రంగులో కలిపే జిగురు వాసన వచ్చింది.

కథ ముగిశాక పూర్వీకుడి బొమ్మను తాకి, ఆ వేలు కళ్లకు అద్దుకోవడం మా ఆచారం. మేనమామ లేచి బొమ్మ రొమ్ము మీద వేలు పెట్టి తీశాడు. వేలి కొసన ఎర్రగా అంటింది. ఆయన నాన్న ముఖంలోకి చూశాడు. నాన్న తల దించుకున్నాడు. పటంవాడు గబగబా పటం చుట్టడం మొదలుపెట్టాడు.

మేనమామ ఆ వేలితో నొసట బొట్టు పెట్టుకున్నాడు.

“మంచిగున్నది బావా,” అని అందరూ వినేలా అన్నాడు. తర్వాత నాన్న దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు. పక్కనే ఉన్న నాకు వినిపించింది. “మా తాతను గూడ పోయినేడు గీ పటమాయనతోనే బొమ్మల గుర్రమెక్కిచ్చినం. ఇగ ముహూర్తం పెట్టియ్యున్రి.”

అక్క పెళ్లయింది. చల్లగా కాపురం చేసుకుంది. ఆ తర్వాత పట్నంలో మ్యూజియం చూశాను. ప్రతి బొమ్మకూ అద్దం, తాకొద్దని బోర్డు. ఎందుకు తాకొద్దంటారో నాకు తెలియదా?

మా ముత్తాత తలుపు తీశాడో లేదో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. సినిమా ఆయన్ని ద్రోహిని చేసింది, మేం వీరుణ్ణి చేశాం. గుమ్మం ముందు ఊరికే నిలబడిన ఆ మనిషే, రంగు కింద ఎక్కడో కనబడకుండా పోయాడు.